వాన మూడో రోజుకు కెమెరా ఆగిపోతోంది, ఎండ కాస్తే లేస్తోంది: బయటి కేబుల్‌లోకి నీరు ఎక్కడి నుంచి దూరుతోంది?

మేడమీద_గది
పిట్టగోడ మూలన ఒక కెమెరా, దాని పక్కనే పెరటి షెడ్డుకు నెట్ అందించే చిన్న వైర్‌లెస్ పెట్టె ఉన్నాయి. రెండింటికీ కింది గదిలోని పీఓఈ స్విచ్ (నెట్‌తోపాటు అదే కేబుల్‌లో కరెంటు కూడా పంపేది) నుంచి చెరొక కేబుల్ వేశాను. ఒక్కొక్కటి 36 మీటర్లు. వేసి మూడేళ్ళయింది. రెండేళ్ళు ఏ బాధా లేదు. ఈ ఏడు వానలు మొదలైనప్పటి నుంచి ఒకటే వరస. మొదటి రోజు వానకు ఏమీ కాదు. రెండో రోజు కెమెరా పోర్టు వేగం 1000 మెగాబిట్ల నుంచి 100కు పడిపోతుంది. మూడో రోజు కెమెరా పూర్తిగా ఆగిపోతుంది. వాన వెలిసి రెండు రోజులు ఎండ కాస్తే ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది.

పక్కనున్న వైర్‌లెస్ పెట్టెకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. అదే రకం కేబుల్, అదే దారి, అదే వాన.

ఇప్పటికి కెమెరా వైపు ప్లగ్గు రెండుసార్లు కోసి కొత్తది బిగించాను. జోడింపు మీద నల్ల టేపు చుట్టాను, ఆ పైన సిలికాన్ దట్టించాను. ఫలితం లేదు. కేబుల్ మొత్తం మార్చాల్సిందేనా, వేరే మార్గం ఉందా?

చూరుకింద
మబ్బు పట్టగానే మూలిగి, మూడో రోజుకు పడకేసి, ఎండ పొడ తగలగానే లేచిందంటే అది కెమెరా కాదు, మా తాతగారి కీళ్ళనొప్పి.

తీగలరాయుడు
కేబుల్ రంగు ఏమిటి, తొడుగు మీద ఏమని అచ్చు ఉంది? గోడలోకి వెళ్ళేచోట కేబుల్ ఎలా వంగి ఉంది? కెమెరా తోక, అంటే కేబుల్ ప్లగ్గు కలిసే దాని పొట్టి తీగ, పెట్టెలో ఉందా, గాలికి వేలాడుతోందా? ఈ మూడూ తెలియకుండా ఎవరు ఏమి చెప్పినా చీకట్లో బాణమే.

మేడమీద_గది
బూడిద రంగు. క్యాట్ 5ఈ, సీఎం అని అచ్చు ఉంది. ఇంట్లో వైరింగ్ చేసినప్పుడు మిగిలిన చుట్ట. గోడ వెంట నిలువుగా దిగి, కిటికీ పైన వేసిన బెజ్జం దగ్గర తిన్నగా లోపలికి తిరుగుతుంది. అక్కడి నుంచి ఇంకో మీటరు కిందికి దిగితే స్విచ్. కెమెరా తోక ప్లాస్టిక్ పెట్టెలో ఉంది, మూతకు రబ్బరు అంచు ఉంది, మీద ఐపీ67 అని ఉంది. అందుకే ధైర్యంగా ఉన్నాను.

తీగలరాయుడు
అనుకున్నంతా అయింది. మీరు వేసింది గదుల్లో వేసే కేబుల్. దాని తొడుగు పీవీసీ. ఎండలో రెండు మూడేళ్ళు ఉంటే పైన సున్నం రాసినట్టు తెల్లబడుతుంది, వంచినచోట సన్నటి నెర్రెలు విచ్చుతుంది. గోరుతో గీకి చూడండి, పొడి రాలుతుంది. బయట వేయాల్సింది నల్ల పాలిథిలీన్ తొడుగు ఉన్న కేబుల్. ఆ నలుపు అందానికి పెట్టింది కాదు. అందులో కలిపిన రెండు మూడు శాతం కార్బన్ మసి అతినీలలోహిత కిరణాలను తాను మింగి ప్లాస్టిక్‌ను కాపాడుతుంది.

రెండో తప్పు ఆ బెజ్జం దగ్గర. వాన నీరు కేబుల్ పట్టుకుని జారుతుంది. నిలువుగా దిగిన కేబుల్ తిన్నగా గోడలోకి తిరిగితే నీరూ దానితోపాటే లోపలికి తిరుగుతుంది, మీరు కట్టిన కాలువే అది. కేబుల్ బెజ్జం కంటే జానెడు కిందికి వేలాడి, మళ్ళీ పైకెక్కి లోపలికి వెళ్ళాలి. అప్పుడు చుక్కలు ఆ వంపు అడుగున రాలిపోతాయి. బెజ్జాన్ని కూడా గది వైపు ఎత్తుగా, బయటివైపు పల్లంగా వేయాలి. ఈ పనికి రూపాయి ఖర్చు లేదు, అయినా నేను చూసిన పది ఇళ్ళలో రెండింట్లో కూడా చేసి ఉండరు.

పెట్టె సంగతి తరవాత చెబుతాను. ఆ 67 చూసి ధైర్యపడకండి.

జిగురుసీసా
రాయుడు గారితో నేను ఏకీభవించను. ఏ సందూ వదలకుండా మూసేస్తే నీరు వచ్చే దారే ఉండదు. నా కెమెరాలు నాలుగూ ఆరేళ్ళుగా సిలికాన్‌లో మునిగి ఉన్నాయి. ఒక్కటీ చెడలేదు. మేడమీద గారు చాలినంత దట్టించి ఉండరు.

చూరుకింద
మీ కెమెరా చెడితే విప్పడానికి ఉలీ సుత్తీ కావాలన్నమాట.

జిగురుసీసా
చెడితే కదా విప్పేది.

రాగిబిందె
జిగురుసీసా గారు వాడినది ఏ రకమో అడగాలి. మేడమీద గారూ, మీరు పూసిన సిలికాన్ పూసేటప్పుడు వెనిగర్ వాసన వచ్చిందా?

మేడమీద_గది
వచ్చింది. కళ్ళు మండేంత.

రాగిబిందె
అయితే అది గట్టిపడుతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదిలే రకం. స్నానాలగదిలో పలకల సందులకు బాగానే ఉంటుంది. రాగి పక్కన పెట్టకూడదు. రెండేళ్ళ కిందట నేను ఒక జోడింపును అలాగే పూడ్చాను. నెలన్నర తరవాత లింకు తెగుతుంటే కత్తితో చీల్చి చూశాను. బయట చుక్క నీరు లేదు. లోపల ఎనిమిది తీగల కొసల్లో అయిదు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి, ఒకటి ముట్టుకుంటే విరిగింది. వాన చేయని పని నేనే చేశాను. అంత అవసరమైతే వాసన లేని, న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న సిలికాన్ తీసుకోండి. అది కూడా గోడ బెజ్జం చుట్టూ వేయడానికే, ప్లగ్గు మీద పోయడానికి కాదు.

జిగురుసీసా
నాది వాసన లేనిదే. ఆ తేడా ఉందని ఇప్పుడే తెలిసింది, నా అదృష్టం బాగుంది.

నాలుగు_జతలు
అందరూ మందు చెబుతున్నారు, నాడి ఎవరూ పట్టలేదు. 1000 నుంచి 100కు పడటం ఒక ఆధారం. కేబుల్ లోపలి ఎనిమిది తీగలు రెండేసి చొప్పున నాలుగు జతలు. గిగాబిట్‌కు, అంటే ఆ 1000కు, నాలుగు జతలూ కావాలి. 100కు రెండు చాలు, 1-2, 3-6 పిన్నుల మీద ఉన్నవి. మామూలు రంగుల వరసలో అవి నారింజ, ఆకుపచ్చ. అంటే రెండో రోజుకు మీ నీలం జతో, గోధుమ జతో దెబ్బతింటోంది, ముందు ఆ రెండింటి మీద కన్నేయండి.

దీపాలు వెలిగే చిన్న టెస్టర్‌తో చూసి అంతా బాగుంది అనుకోకండి. అది తీగ తెగిందా లేదా అన్నంత వరకే చెబుతుంది. నీటిలో నానిన కేబుల్‌కు కూడా దీపాలన్నీ చక్కగా వెలుగుతాయి. మీ స్విచ్ సెట్టింగుల పేజీలో రెండు చూడండి. ఒకటి, ఆ పోర్టు మీద సీఆర్‌సీ తప్పుల లెక్క, అంటే దారిలో చెడిపోయి చేరిన డేటా ముక్కల లెక్క. వాన పడుతున్నప్పుడు పెరిగి, ఎండలో ఆగిపోతే కేబుల్ తడిసినట్టే. రెండు, కేబుల్ పరీక్ష అనే మీట ఉంటే ఒక్కో జత పొడవు ఎంత చూపిస్తోందో పొడి రోజున ఒకసారి, తడి రోజున ఒకసారి రాసుకోండి.

ఎండమావి
చిన్న సందేహం. వాన నీరు కరెంటును అంత బాగా మోయదు కదా, పైగా ఒక్కో తీగకూ విడిగా ప్లాస్టిక్ ఉంది. రాగికి నీరు తగలనే తగలదు. మరి వేగం ఎందుకు పడాలి? తడిస్తే పొడవు మారడం ఏమిటి, అదేమైనా గోచీ గుడ్డా?

నాలుగు_జతలు
మంచి ప్రశ్న. తీగకు నీరు తగలక్కర్లేదు, పక్కన ఉంటే చాలు. జతలోని రెండు తీగల మధ్య విద్యుత్ క్షేత్రం ప్లాస్టిక్ గుండా, చుట్టూ ఉన్న గాలి గుండా పోతుంది. ఆ క్షేత్రం ఒక పదార్థంలో ఎంత ఛార్జిని నిలవచేయగలదో చెప్పే అంకె రోధక స్థిరాంకం. అది గాలికి 1, పాలిథిలీన్‌కు సుమారు 2.3, నీటికి 80 దాకా. గాలి ఉండాల్సిన సందుల్లో నీరు నిండితే తీగల మధ్య కెపాసిటెన్స్, అంటే ఛార్జి నిలవచేసే గుణం, పెరుగుతుంది. 100 ఓములు ఉండాల్సిన ఇంపీడెన్స్ (పరుగెత్తే సంకేతానికి కేబుల్ చూపే నిరోధం) తడిసినంత మేరా పడిపోతుంది. తడి, పొడి కలిసే ప్రతిచోటా సంకేతంలో కొంత వెనక్కి తిరిగి వస్తుంది, మిగిలినది దారిలో నీరసిస్తుంది.

పొడవు సంగతి కూడా అదే. స్విచ్ ఒక పల్స్ పంపి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి మీటర్లు లెక్కకడుతుంది. నీటిలో సంకేతం నెమ్మదిగా నడుస్తుంది, ఆలస్యంగా తిరిగొస్తుంది, కాబట్టి కేబుల్ సాగినట్టు చూపిస్తుంది. చవక స్విచ్‌లలో ఈ అంకెలు కచ్చితంగా ఉండవు, అందుకే రెండు రోజుల అంకెలు పోల్చమన్నాను.

ఎండమావి
అర్థమైంది. మూడో రోజు పూర్తిగా ఆరిపోవడం కూడా ఇదేనా?

నాలుగు_జతలు
అది పీఓఈ వైపు వ్యవహారం అయ్యుండవచ్చు. స్విచ్ గుడ్డిగా కరెంటు వదలదు. ముందు చిన్న వోల్టేజి పెట్టి అవతల 25 కిలో ఓముల నిరోధం ఉందా అని తడిమి చూస్తుంది. ఉంటేనే 48 వోల్టులు ఇస్తుంది. తడిసిన ప్లగ్గులో పిన్నుల మధ్య నీటి పొర ఇంకో నిరోధంలా పక్కన చేరితే లెక్క 19 కిలో ఓముల కిందికి దిగిపోతుంది. అప్పుడు స్విచ్ ఇది నా మనిషి కాదు అని తలుపు మూసేస్తుంది. కెమెరా ఒకసారి తనంతట తాను రీస్టార్ట్ అయిందంటే ఇక తడి ఆరేదాకా లేవదు.

ఇంకో నష్టం ఉంది. ఆ 48 వోల్టులు రాత్రింబగళ్ళు ఉండేవి. తడి పిన్నుల మధ్య నేరుగా విద్యుద్విశ్లేషణ జరుగుతుంది, ప్లస్ వైపు లోహం కరిగిపోతూ ఉంటుంది. మామూలు కేబుల్‌ ప్లగ్గు ఏళ్ళు పట్టి పాడయ్యేది, పీఓఈ ప్లగ్గు ఒక్క వానాకాలంలో పోతుంది.

పాత_ఎక్స్చేంజి
ముప్పై ఏళ్ళు టెలిఫోను కేబుళ్ళతో కాపురం చేసిన వాణ్ని. మా రోజుల్లో పెద్ద కేబుల్ అంటే కాగితం చుట్టిన రాగి తీగలు, వందల జతలు, పైన సీసం తొడుగు. కాగితం తడిస్తే ఊరంతా ఒకరి మాటలు ఒకరు వినడమే. అందుకని ఎక్స్చేంజిలో గాలిని ఎండబెట్టి, ఒత్తిడితో ఆ కేబుళ్ళలోకి ఎక్కించేవాళ్ళం. తొడుగుకు చిల్లు పడితే లోపలి గాలి బయటికి తన్నుకొస్తుంది, నీటికి లోపలికి వచ్చే వీలుండదు. ఒత్తిడి ఎక్కడ పడిపోతోందో చూసుకుంటూ పోతే చిల్లు దొరికేది. తరవాత తొడుగు లోపలంతా జెల్ నింపిన కేబుళ్ళు వచ్చాయి, గాలి యంత్రాలతో పని తగ్గింది.

నేను చెప్పదలచింది వేరే. మేడమీద గారు ఇంతవరకు పైకొసనే పట్టుకుని కోస్తున్నారు, చుడుతున్నారు, పూస్తున్నారు. నీరు పైకి ఎక్కుతుందా, కిందికి దిగుతుందా? కింది కొస చూశారా?

మేడమీద_గది
చూడలేదు. అది గదిలో, అలమరలో ఉంది. అక్కడ వాన పడదు కదా అని.

తీగలరాయుడు
వెళ్ళి చూడండి. ముందు స్విచ్ కరెంటు తీయండి. పీఓఈ నడుస్తుండగా ప్లగ్గు లాగితే చిన్న నిప్పురవ్వ పుట్టి పిన్ను బంగారు పూతను కాలుస్తుంది.

మేడమీద_గది
చూశాను. నోట మాట రాలేదు.

ప్లగ్గు పారదర్శకంగా ఉంటుంది కదా, లోపల ఏడో ఎనిమిదో పిన్నుల దగ్గర నీలం కలిసిన ఆకుపచ్చ పొడి. గోధుమ తీగ కొస నల్లబడి ఉంది. ప్లగ్గును తలకిందులు చేసి కేబుల్‌ను రెండు వేళ్ళతో పిండుతూ వచ్చాను. తొడుగు అంచున చుక్క ఒకటి ఊరి, నా అరచేతిలో పడింది. స్విచ్ పోర్టులో కూడా మూలన తడి మరక ఉంది. పక్క పోర్టులో ఉన్న రెండో కేబుల్ ప్లగ్గు కొత్తదానిలా మెరుస్తోంది.

చూరుకింద
36 మీటర్ల కుళాయి. మీటరు బిగించుకోండి.

పాత_ఎక్స్చేంజి
నేను అనుకున్నదే. ఎక్కడో మధ్యలో తొడుగు తెగింది. తీగల మధ్య సందులు సన్నవి, దీపం వత్తి నూనెను పీల్చినట్టు అవి నీటిని పీలుస్తాయి. ఒకసారి లోపలికి వెళ్ళాక భూమి లాగుతుంది. నిండుతూ నిండుతూ కింది కొస దాకా రావడానికి రెండు మూడు రోజులు. అందుకే మీకు మూడో రోజు.

కొత్త కేబుల్ వేసేదాకా ఒక ఉపాయం ఉంది. గోడ బయట వంపు పెట్టుకుని, ఆ వంపు అడుగున తొడుగుకు మాత్రం, తీగలు తగలకుండా, అర అంగుళం చీలిక పెట్టండి. లోపలికి వచ్చిన నీరు అక్కడ కారిపోతుంది, గదిలోకి రాదు. మేం వాడిన పద్ధతే.

తీగలరాయుడు
పెద్దవారు, కాదనడానికి మొహమాటంగా ఉంది, కానీ ఈ ఒక్కటీ వద్దు. చీలిక అంటే నీరు పోయే దారి మాత్రమే కాదు, తేమ వచ్చే దారి, చీమలు వచ్చే దారి. కొత్తవాళ్ళు చేస్తే తొడుగుతోపాటు తీగ ప్లాస్టిక్ కూడా కోస్తారు. స్విచ్ కాపాడబోయి కేబుల్ చంపుకున్నట్టు.

పాత_ఎక్స్చేంజి
కేబుల్ ఎలాగూ చచ్చింది రాయుడు గారూ. స్విచ్ అన్నా బతకనివ్వండి.

రాగిబిందె
ఇద్దరి మాటా నిజమే. పాడైన కేబుల్‌కు తాత్కాలికంగా సరే. కొత్త కేబుల్‌కు ముందుజాగ్రత్త పేరుతో ఎవరూ గాటు పెట్టకండి.

ఉడుత_బాధితుడు
మధ్యలో తెగడం అంటే నా అనుభవం. నాకు ఉడుత. పైకప్పు అంచున మూడుచోట్ల పళ్ళు దించి పోయింది. తినదు, అరగదీసుకుంటుంది అంతే. ఆ భాగం వరకు లోహపు పైపులో వేశాక వదిలింది. ఇప్పుడు ఇంటి ముందున్న చెట్టు మీద పడింది.

గాజుపోగు
ఇంత గొడవ దేనికి? పైకి ఫైబర్ వేయండి. గాజులో కరెంటు పారదు, చిలుము పట్టదు, పిడుగు దగ్గర్లో పడ్డా స్విచ్ దాకా రాదు. రాగి నెట్ కేబుల్‌కు ఉండే 100 మీటర్ల హద్దు కూడా ఉండదు.

చూరుకింద
కెమెరాకు కరెంటు కూడా గాజులోనే పంపిస్తారా?

గాజుపోగు
అదొక్కటి విడిగా లాగాలి, ఒప్పుకుంటాను. ఇల్లు ఒకటే అయితే రాగి చాలు. రెండు కట్టడాల మధ్య మాత్రం ఫైబరే వేయమంటాను, అక్కడ రెండు వైపుల ఎర్తింగ్‌లోనూ తేడా ఉంటుంది. ఫైబర్‌కు నీటి భయమే లేదనీ అనను. చలికి గడ్డకట్టే చోట్ల గొట్టంలో నిలిచిన నీరు మంచై పోగును నొక్కేస్తుంది.

మేడమీద_గది
నిన్న రాత్రి వాన, ఇవాళ పొద్దున తగ్గింది. నాలుగు_జతలు గారు చెప్పిన పరీక్ష చేశాను. స్విచ్‌లో ఆ మీట ఉంది, ఇన్నాళ్ళూ చూడలేదు. రెండో కేబుల్ నాలుగు జతలూ 36, 36, 37, 36. కెమెరా కేబుల్ నారింజ 38, ఆకుపచ్చ 38, నీలం 40, గోధుమ 43.

తరవాత నిచ్చెన వేసుకుని కేబుల్‌ను పైనుంచి కిందిదాకా వేళ్ళతో తడుముతూ దిగాను. పిట్టగోడ నుంచి ఎనిమిది, తొమ్మిది మీటర్ల కింద, వాన గొట్టానికి కట్టిన ప్లాస్టిక్ టై దగ్గర దొరికింది. టై మరీ బిగించాను. తొడుగులోకి కోసుకుపోయి ఉంది, నడుముకు తాడు బిగించినట్టు. టై కత్తిరించి చూస్తే దాని కింద తొడుగు సగం చుట్టూ పగిలి ఉంది. ఆ పగులులోంచి నీలం తీగ కనిపిస్తోంది. గొట్టం అతుకు నుంచి కారే నీరు నేరుగా ఆ టై మీదే పడుతోంది. రెండో కేబుల్ గొట్టం వెనకవైపు ఉంది, ఎండా తక్కువ, కారుడూ లేదు.

అంటే నేను కెమెరా దగ్గర పూసిన సిలికాన్ అంతా దండగ.

తీగలరాయుడు
దండగ కాదు, హాని. రాగిబిందె గారి మాట గుర్తుంది కదా, దాన్నీ గీకి తీసేయండి.

టై బిగువు గురించి నా కొలత ఇది. కట్టాక కేబుల్‌ను వేళ్ళతో తిప్పితే టైలో తిరగాలి. తిరగకపోతే ఎక్కువ బిగించినట్టు. తెల్ల టైలు ఎండకు పెళుసెక్కి తెగిపోతాయి, నల్లవి నిలుస్తాయి. చివర కత్తిరించిన ముక్క వాడిగా ఉంటుంది, అది పక్క కేబుల్ వైపు తిరక్కుండా చూడండి.

మేడమీద_గది
ఆ పగులుకు టేపు చుడితే సరిపోదా? కేబుల్ లోపలి నీరు ఎండబెట్టే మార్గం ఉందా?

పాత_ఎక్స్చేంజి
లేదు. పొడి గాలి ఎక్కించే యంత్రం మీ దగ్గర ఉంటే తప్ప. టేపు చుడితే నీటిని లోపల పెట్టి తాళం వేసినట్టే.

నాలుగు_జతలు
మార్చండి. మార్చేటప్పుడు తీగ కొసను కత్తితో గీకి చూడండి. లోపల వెండి రంగు కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. రెండు లోహాలకు నీరు తోడైతే అల్యూమినియం తెల్ల పొడి అయిపోతుంది. చుట్ట చేత్తో ఎత్తినా తెలుస్తుంది, అసలు రాగికంటే బాగా తేలిక. బయటి పనికీ, పీఓఈకీ రెండింటికీ పనికిరాదు.

ఎండమావి
జెల్ ఉన్నది కొనాలా, లేనిది కొనాలా? నేనూ త్వరలో వేయాలి.

తీగలరాయుడు
నేలలో పాతిపెట్టేదానికి జెల్. అక్కడ నీరు ఎప్పుడూ చుట్టూ ఉంటుంది. పైపులో వేశాను కదా అని నిశ్చింతగా ఉండకండి, పాతిన పైపులోకి ఏదో ఒక రోజు నీరు చేరి తీరుతుంది. అతుకులోంచి కాకపోతే గాలిలోని తేమ చుక్కలుగా మారి. గోడ మీద నిలువుగా దిగేదానికి నేను జెల్ వేయను. ఎండకు మెత్తబడి మెల్లగా కిందికి జారుతుంది, నీటి బదులు స్విచ్‌లో జిడ్డు కారుతుంది. ప్లగ్గు బిగించేటప్పుడు చేతులు, పనిముట్లు, చొక్కా అన్నీ దాని పాలు. ఎనిమిది తీగల్ని ఒక్కొక్కటిగా తుడిచేదాకా అవి వరసలో నిలబడవు. నిలువు దారికి నీరు తగిలితే ఉబ్బే టేపు చుట్టిన పొడి రకం దొరుకుతుంది. తొడుగు తెగినా నీరు ఎక్కువ దూరం పోకముందే ఆ టేపులోని పొడి ఉబ్బి దారి మూసేస్తుంది.

ఏ రకమైనా, పాలిథిలీన్ త్వరగా అంటుకుని మండుతుంది. గదిలోకి వచ్చిన కొద్ది దూరంలోనే ఆపి, అక్కడి నుంచి లోపలి కేబుల్ కలపండి.

రాగిబిందె
పైన రాయుడు గారు పెట్టె గురించి చెబుతానని మరిచారు, నేను చెప్పేస్తాను. 67లో మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. 7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉంచిన పరీక్ష. కొత్త పెట్టెకు, పరీక్షశాలలో. ధారగా కొట్టే నీటికి పరీక్ష వేరు, అవి 5, 6 అంకెలు. 7 ఉంటే 6 కూడా ఉన్నట్టు కాదు, అందుకే కొన్నింటి మీద 66/67 అని రెండూ వేస్తారు.

అసలు శత్రువు పెట్టె ఊపిరి. పగలు ఎండకు లోపలి గాలి వ్యాకోచించి ఏదో సందులోంచి బయటికి పోతుంది. సాయంత్రం వాన పడి పెట్టె ఒక్కసారి చల్లబడితే లోపల ఒత్తిడి తగ్గి గాలిని తిరిగి లాగుతుంది. ఆ సందు మీద నీటి చుక్క ఉంటే దాన్నీ లాగుతుంది. లాగినది మళ్ళీ బయటికి పోదు. నా పెట్టెలన్నింటికీ అడుగున మూడు మిల్లీమీటర్ల బెజ్జం ఒకటి వేస్తాను, పురుగులు రాకుండా సన్నని జాలీ ముక్క పెడతాను. కేబుల్ పైనుంచి గానీ పక్కనుంచి గానీ రాకూడదు, అడుగునుంచే రావాలి.

జిగురుసీసా
నీరు రాకూడదని పెట్టె కొని, దానికి మనమే బెజ్జం వేయడమా!

రాగిబిందె
ఆరేళ్ళుగా చెడని మీ కెమెరాలు చూరు కింద ఉన్నాయా, ఆరుబయట ఉన్నాయా?

జిగురుసీసా
చూరు కింద.

చూరుకింద
నన్ను ఇందులోకి లాగకండి.

ఉడుత_బాధితుడు
జోడింపు మీద టేపు చుట్టే పద్ధతి కూడా ఎవరైనా చెప్పండి. మామూలు నల్ల టేపు నాకు ఒక్క వేసవికే జిగురు కారి ఊడింది.

రాగిబిందె
మామూలు టేపు ఒక్కటే నీటిని ఆపదు. తనలో తాను అతుక్కునే రబ్బరు టేపు ఒకటి ఉంటుంది, జిగురు ఉండదు, మధ్యలో పలచని పొర తీసి చుట్టాలి. సగానికి సగం వెడల్పు అయ్యేలా సాగదీస్తూ, ప్రతి చుట్టూ ముందుదాని మీద సగం ఎక్కేలా చుట్టండి. కొన్ని గంటల్లో అంతా ఒకే ముద్ద అయిపోతుంది. మొదలుపెట్టేది కింది నుంచి, ముగించేది పైన. పెంకుటిల్లు కప్పినట్టు పై వరస కింది వరస మీద పడాలి. తిరగేసి చుడితే ప్రతి అంచూ నీటికి పళ్ళెం పట్టినట్టే. ఈ రబ్బరు టేపు ఎండకు ఆగదు, దాని మీద అప్పుడు మీ నల్ల టేపు ఒక వరస. టేపు చివర సాగదీయకుండా వదలండి, లేకపోతే వెనక్కి ముడుచుకుని లేస్తుంది.

ప్లగ్గు పెట్టే ముందు జాక్‌లో సిలికాన్ గ్రీజు బఠాణీ గింజంత.

ఎండమావి
గ్రీజు కరెంటును ఆపదా?

నాలుగు_జతలు
ప్లగ్గు లోపలికి దూరేటప్పుడు పిన్నులు ఒరుసుకుని ఆ ఒక్క చుక్క చోటు నుంచి గ్రీజును తోసేస్తాయి. మిగతా చోటంతా నిండి తేమకు తావు లేకుండా చేస్తుంది. పెట్రోలియం జెల్లీ మాత్రం వద్దు, ఎండకు కరిగి కారుతుంది, కొన్ని రబ్బరు వాషర్లను ఉబ్బిస్తుంది.

మేడమీద_గది
పదకొండు రోజుల తరవాత. కొత్త కేబుల్ వేశాను. నల్ల తొడుగు, ఉబ్బే టేపు రకం, తీగ గీకి చూశాను, అసలు రాగే. గోడ బెజ్జాన్ని బయటికి వాలుగా మళ్ళీ వేశాను, బయట జానెడు వంపు పెట్టాను. నల్ల టైలు, వేళ్ళతో తిరిగేంత వదులుగా. పెట్టెకు అడుగున బెజ్జం వేసేటప్పుడు మాత్రం జిగురుసీసా గారిలాగే నా చెయ్యీ వణికింది. నాలుగు రోజులుగా వాన. వేగం 1000 మీదే ఉంది, సీఆర్‌సీ తప్పులు సున్నా. నిన్న సాయంత్రం కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. నీరు కేబుల్ వెంట జారి వచ్చి, వంపు అడుగున ఆగి, బొట్టుబొట్టుగా కింద పడుతోంది. ఒక్కటి కూడా గోడ వైపు ఎక్కలేదు.

పాత కేబుల్ కింది ముక్కను అలమర తలుపుకు వేలాడదీసి కింద చిన్న గ్లాసు పెట్టాను. మూడో రోజు ఇది, ఇంకా చుక్క పడుతోంది. ఇప్పటికి రెండు చెంచాల పైనే. నీరు కూడా తెల్లగా లేదు, కాస్త పచ్చగా ఉంది.

పాత_ఎక్స్చేంజి
పచ్చదనం మీ గోధుమ తీగ తాలూకు రాగి. రెండో కేబుల్ సంగతి ఏమి చేశారు?

మేడమీద_గది
దాని టైలన్నీ కోసి వదులుగా కట్టాను. తొడుగు మీద రెండు చోట్ల సన్నటి నెర్రెలు అప్పుడే మొదలయ్యాయి. వచ్చే ఆదివారం దాన్నీ మార్చేస్తాను. నిచ్చెన పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. చూరుకింద గారికి తీరికేనా?

చూరుకింద
మా తాతగారిని పంపిస్తాను. మబ్బు లేని రోజు చూసుకోండి.